ఊపిరి దారుల పటం

దగ్గుకు మన ప్రాంతంలో పేర్లకు కొదవ లేదు. చలికాలంలో వచ్చేది చలిదగ్గు. కట్టెల పొయ్యి ముందు కూర్చునే స్త్రీలది పొగదగ్గు. పసిపిల్లలను రాత్రంతా నిద్రపోనివ్వనిది కోరింత దగ్గు. పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో కర్మాగారాలు వెలసిన తరువాత మా ఇళ్లలో వీటికి మరో పేరు తోడైంది: కంపెనీ దగ్గు. ఈ పేర్లన్నీ దగ్గు ఎక్కడి నుండి వచ్చిందో చెబుతాయి. అది ఛాతీలో ఏ మూల తిష్ఠ వేసిందో మాత్రం చెప్పవు. ఆ మూల ఏదో తెలియనంతకాలం ఇంట్లో జరిగే సేవ అంతా చీకటిలో తడుముకోవడమే. ఆ చీకటిలో దీపం వెలిగించే విద్య ఒకటి వంద సంవత్సరాలుగా వైద్యుల చేతిలో ఉంది. దాని వల్ల మా కుటుంబానికి కలిగిన మేలును పాఠక సోదరసోదరీమణులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మాది కర్దనూర్. పటాన్‌చెరుకు కూతవేటు దూరంలో ఉన్న గ్రామం. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 వరకు మెదక్ జిల్లాలో భాగం. 1970వ దశకంలో ఇక్కడ పారిశ్రామికవాడ మొదలైంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం వరుసగా కర్మాగారాల పేర్లయ్యాయి. ఉపాధి లభించింది, దానితో పాటు కాలుష్యమూ వచ్చింది. నక్కవాగు నీటి కోసం ఇక్కడి రైతులు చేసిన పోరాటం, పటాన్‌చెరు వైద్యులు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారి శ్రమ, 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కిన వ్యాజ్యం ఈ ప్రాంతంలో పెద్దవారందరికీ తెలిసినవే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే అది తీవ్ర కాలుష్య ప్రాంతం కింద లెక్క. అందువల్ల ఇక్కడ ఎవరు దగ్గినా నింద ముందుగా గాలి మీదికి పోతుంది. అది చాలాసార్లు సబబే. అయితే సబబైన నింద కూడా రోగ నిర్ధారణ కాజాలదు.

మా అబ్బాజాన్ యౌవనంలో క్షయ వ్యాధికి గురయ్యారు. సూదులు, మాత్రలు పూర్తికాలం వాడి అల్లాహ్ దయతో కోలుకున్నారు. ఆపై ఇరవై అయిదేళ్లకు పైగా ఒక కర్మాగారంలో పనిచేశారు. పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు దగ్గు మళ్లీ మొదలైంది. ప్రతి ఉదయం అరకప్పు తెమడ పడేది. ఏడాదికి రెండు మూడుసార్లు జ్వరం వచ్చి, తెమడ పచ్చగా మారి, మందులు వాడాక తగ్గేది. జోషాందా తాగారు, తేనె అల్లం తీసుకున్నారు, సిరప్ సీసాలు లెక్కలేనన్ని ఖాళీ చేశారు. ఎక్స్‌రే తీస్తే పాత క్షయ తాలూకు మచ్చలు కనిపించేవి. తెమడ పరీక్ష చేస్తే క్షయ క్రిములు లేవని వచ్చేది. అయినా ఒక వైద్యుడు మచ్చలు చూసి క్షయ మాత్రలు మళ్లీ మొదలుపెడదామన్నారు.

ఆ ఒక్క మాట మా ఇంటిని మార్చివేసింది. అబ్బాజాన్ తన కంచం తానే వేరు చేసుకున్నారు. దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు గోడ వారగా కూర్చునేవారు. మనవరాలు ఒడిలోకి రాబోతే చేయి అడ్డుపెట్టి, మొహం పక్కకు తిప్పుకునేవారు. ముప్పై ఏళ్లుగా మస్జిదులో మొదటి వరుసలో నిలబడిన మనిషి చివరి వరుసలో, తలుపు దగ్గర నిలబడసాగారు. నమాజు నడుమ దగ్గు వస్తే పక్కవారి ఏకాగ్రత చెడుతుందని ఒక కారణం. తన ఊపిరి ఇతరులకు సోకుతుందేమోనన్న భయం రెండవది. మా చెల్లెలికి అప్పుడే ఒక సంబంధం వచ్చింది. వారి వైపు పెద్దలు మర్యాదగానే ఒక ప్రశ్న అడిగారు: “మీ అబ్బాజాన్‌కు ఏమిటి జబ్బు?” సమాధానం మా దగ్గర లేదు. వారు ఎదురు చూస్తామన్నారు.

చివరికి ఛాతీ వ్యాధుల నిపుణులొకరు ఓపికగా అంతా విని, “శ్వాసనాళాలను చూడాలి. సీటీ స్కాన్ తీయించండి” అన్నారు. అబ్బాజాన్ ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే మాట: “నా ఛాతీలో నూనె పోయనివ్వను.”

ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. అబ్బాజాన్ అన్నగారిని మేము బడే అబ్బా అని పిలిచేవాళ్లం. ఇప్పుడు ఆయన లేరు. 1970వ దశకంలో ఆయనకూ ఇలాంటి దగ్గే ఉండేది. నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో ఆయనకు బ్రాంకోగ్రామ్ అనే పరీక్ష చేశారు. ఆ రాత్రి గురించి ఆయన చెప్పిన సంగతులు వింటూ పెరిగిన తమ్ముడు మా అబ్బాజాన్.

ఆ పరీక్ష ఎందుకు అవసరమైందో తెలుసుకుంటే దానిలోని తెలివి అర్థమవుతుంది. 1895లో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌గెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నారు. ఆ కిరణాలకు ఎముక అడ్డం వస్తుంది గనుక ఎముక తెల్లగా కనిపిస్తుంది. గాలి అడ్డం రాదు గనుక ఊపిరితిత్తి నల్లగా కనిపిస్తుంది. శ్వాసనాళమూ గాలి గొట్టమే. నల్లని ఊపిరితిత్తిలో నల్లని గొట్టాన్ని వెతకడం అమావాస్య రాత్రి నల్లగొర్రెను వెతకడం వంటిది. గొట్టం పాడైనా, వెడల్పైనా, మామూలు ఎక్స్‌రేలో దాని ఆకారం తెలియదు. అందుకే వైద్యులు ఒక ఉపాయం ఆలోచించారు. కిరణాలను ఆపగలిగే పదార్థంతో ఆ ఖాళీ గొట్టాన్ని లోపలి నుండి పూత పూస్తే, ఆ పూత ఫిల్ముపై తెల్లగా పడి గొట్టం రూపాన్ని బయటపెడుతుంది.

ఆ పదార్థం ఊపిరి ఆడే చోటికి వెళ్లాలి, అక్కడ హాని చేయకూడదు, కిరణాలను ఆపాలి. 1901లో ఫ్రాన్సులో మార్సెల్ గెర్బే అనే ఔషధ శాస్త్రజ్ఞుడు గసగసాల నూనెకు అయోడిన్ కలిపి లిపియోడాల్ అనే మందు తయారు చేశాడు. మొదట దానిని సాధారణ ఔషధంగానే వాడారు. 1920వ దశకం తొలినాళ్లలో పారిస్ వైద్యులు సికార్, ఫారెస్టియర్ ఆ నూనె ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తోందని గమనించి, దానిని శ్వాసనాళాల్లోకి పంపి చిత్రాలు తీశారు. మన శరీరంలో అధికంగా ఉండే కర్బనం, ప్రాణవాయువు తేలికైన మూలకాలు. వాటి పరమాణు సంఖ్యలు 6, 8. అయోడిన్‌ది 53. ఆ బరువే కిరణాలకు అడ్డుగోడ. ఉప్పు పొట్లం మీద మనం రోజూ చదివే అయోడిన్ ఇదే.

గసగసాల మాట వినగానే మా ఫూఫీజాన్ ఉలిక్కిపడ్డారు. సౌదీకి, ఎమిరేట్లకు వెళ్లే పిల్లల పెట్టెల్లో గసగసాలు పెట్టరాదని, అక్కడ అవి నిషిద్ధమని ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. “మత్తు పదార్థాన్ని మనిషి ఊపిరిలో పోశారా?” అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్న. మత్తు ఉండేది పచ్చికాయను గీరినప్పుడు కారే పాలలో. పండిన గింజ పైన ఆ పాల జాడలు అంటుకొని ఉండవచ్చు. ఆ దేశాల కఠిన నియమానికి కారణం అదీ, గింజ నుండి మొక్క మొలుస్తుందన్న జాగ్రత్తా. గింజ లోపలి నూనె మాత్రం వంటనూనెల వంటి నూనె. అది మత్తునిచ్చేది కాదు. తరువాతి కాలంలో లిపియోడాల్‌కు బదులు ప్రొపిలియోడోన్ అనే మరో అయోడిన్ మందు వచ్చింది. దానిలో ఒక రకాన్ని పల్లీల నూనెలో కలిపి వాడేవారు. బడే అబ్బాకు ఏది వాడారో ఆయన ఫిల్ము మీద రాసి లేదు.

ఆయన చెప్పిన ప్రకారం ఆ పరీక్ష ఇలా జరిగింది. రాత్రి నుండి పరగడుపు. ఉదయం నోరు ఎండిపోయే సూది ఒకటి. తరువాత గొంతు మొద్దుబారడానికి చేదు మందు చల్లారు. సన్నని గొట్టాన్ని గొంతు గుండా శ్వాసనాళంలోకి దించి, దాని ద్వారా నూనెను చుక్కచుక్కగా పోశారు. నూనె తనంతట తాను పైకి ఎక్కదు, పల్లానికే పారుతుంది. కనుక ఏ శాఖలోకి వెళ్లాలంటే ఆ వైపుకు మనిషిని వంచాలి. బల్లను వాల్చారు. పక్కకు తిరగమన్నారు, ముందుకు వంగమన్నారు, లేచి కూర్చోమన్నారు. దగ్గు తన్నుకొస్తున్నా దగ్గవద్దన్నారు. దగ్గితే నూనె చెదిరి చిత్రం పాడవుతుంది. “నీళ్లలో మునుగుతున్నట్టుంది, పైన మాత్రం గాలి ఉంది” అని ఆయన చెప్పేవారు. ఫిల్ములు తీశాక వీపు తట్టి, తల కిందికి వంచి, వీలైనంత నూనె దగ్గించి బయటికి తీశారు. ఒక రోజు ఒక వైపే. రెండో వైపుకు మరో రోజు రమ్మన్నారు. ఆయన మళ్లీ వెళ్లారు. ఆ ధైర్యాన్ని తలచుకుంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఫిల్ము బడే అబ్బా సందూకులో ఈనాటికీ ఉంది. కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే నల్లని ఆకాశంలో తలకిందులుగా నిలిచిన తెల్లని చెట్టు కనిపిస్తుంది. మొదలు మెడ దగ్గర, కొమ్మలు పక్కటెముకల వైపు. పై కొమ్మలు సహజంగా సన్నబడుతూ పోతాయి. కింది వైపు రెండు కొమ్మలు మాత్రం సన్నబడవలసిన చోట సన్నబడక, ద్రాక్షగుత్తుల్లా ఉబ్బి ఆగిపోతాయి. ఊపిరి దారి అక్కడ తన ఆకారాన్ని కోల్పోయింది. ఈ వ్యాధిని వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అంటారు. 1819లోనే స్టెతస్కోపు సృష్టికర్త, ఫ్రెంచి వైద్యుడు లెనెక్ దీనిని వర్ణించాడు. గోడలు బలహీనపడి నాళం శాశ్వతంగా వెడల్పవుతుంది. తెమడను పైకి నెట్టే శక్తి ఆ చోట తగ్గుతుంది. నిలిచిన తెమడలో క్రిములు పెరుగుతాయి. క్రిములు గోడను మరింత దెబ్బతీస్తాయి. ఇది తనను తాను పెంచుకునే వలయం. 1950లో లండన్ వైద్యురాలు లిన్ రీడ్ ఇటువంటి ఫిల్ములను, శస్త్రచికిత్సలో తీసిన ఊపిరితిత్తి భాగాలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, పాడైన నాళాలను మూడు రూపాలుగా విభజించారు: సమానంగా వెడల్పైన గొట్టం, ముడులు పడినట్టున్న గొట్టం, సంచిలా ఉబ్బిన గొట్టం. నేటి వైద్యులు సీటీ చూసి చెప్పే మాటల్లో ఆ విభజనే ఉంది.

అబ్బాజాన్ భయం ఊహ కాదు. తన అన్న శరీరం అనుభవించిన నిజం. కనుక “ఏమీ కాదు, పదండి” అని తొందరపెట్టడం వల్ల ప్రయోజనం లేదని మేము భావించాము. నిపుణుల దగ్గరికి ఆయనను మళ్లీ తీసుకువెళ్లి, ఆ భయాన్ని ఉన్నదున్నట్టు ఆయన నోటితోనే చెప్పించాము. వైద్యులు నవ్వలేదు. “మీ అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం చాచా. ఆ పరీక్ష ఈ పనికి ఇప్పుడు అవసరం లేదు. మీ విషయంలో నూనె లేదు, సూది లేదు, గొట్టం లేదు. మీరు పీల్చే గాలే మాకు చాలు” అన్నారు.

గాలే చాలడమెలా? ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన సీటీ యంత్రంలో తొలి రోగిని 1971 అక్టోబరు 1న పరీక్షించారు. 1979లో ఆయనకు, ఆ గణితాన్ని ముందే రూపొందించిన కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. మామూలు ఎక్స్‌రేలో ఛాతీలోని పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. సీటీ యంత్రం శరీరం చుట్టూ తిరిగి, రొట్టెను ముక్కలుగా కోసినట్టు ఛాతీని సన్నని పొరలుగా చూపుతుంది. ఒక్కో పొర మందం ఒక మిల్లీమీటరు వరకు తగ్గగలదు. అంత సన్నని పొరలో నాళం గోడ తెల్లని గీతగా, లోపలి గాలి నల్లని చుక్కగా విడివిడిగా కనిపిస్తాయి. గోడకు, గాలికి ఉన్న తేడాయే ఇక్కడ రంగు మందు చేసే పని చేస్తుంది. 1980వ దశకంలో ఈ సూక్ష్మ సీటీ విధానం స్థిరపడటంతో, నూనె పోసే పరీక్ష క్రమంగా చరిత్రలోకి వెళ్లిపోయింది. పుట్టుకతో శ్వాసనాళ లోపాలున్న కొందరు పసిపిల్లల విషయంలో మాత్రమే, నీటివంటి సురక్షితమైన రంగు మందుతో, పెద్ద ఆసుపత్రుల్లో అరుదుగా దానిని వాడుతారు.

అబ్బాజాన్ స్కాన్‌కు ఒప్పుకున్నారు. బల్ల మీద పడుకున్నారు. “ఊపిరి బాగా పీల్చండి, ఆపండి, వదలండి” అన్న మాట విన్నారు. కొన్ని నిమిషాల్లో లేచి వచ్చి, “అంతేనా?” అని అడిగారు. రంజాన్‌కు ముందు వారం అది. రోజాలో ఉండగా ఇటువంటి స్కాన్ తీయించుకోవచ్చునా అని పొరుగువారు తరువాత మమ్మల్ని అడిగారు. రంగు మందు లేని స్కాన్‌లో శరీరంలోకి వెళ్లేది కాంతి వంటి కిరణమే గనుక తినడం, తాగడం అన్న ప్రశ్నే లేదు. రంగు మందు సూది అవసరమైతే పరగడుపు గురించి వైద్యులను, రోజా గురించి తమ ఆలిములను ముందుగా అడగడం మేలు.

ఫలితం చూపిస్తూ వైద్యులు ఒక పొర దగ్గర ఆగారు. “ఇది చూడండి, ఉంగరం. పక్కన చిన్న నగీనా” అన్నారు. నిజంగానే రాయి పొదిగిన ఉంగరంలా ఉంది. ఉంగరం శ్వాసనాళం. రాయి దాని పక్కనే నడిచే రక్తనాళం. ఆరోగ్యవంతుల్లో రెండూ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. నాళం వెడల్పైతే రాయి చిన్నదై ఉంగరం పెద్దదవుతుంది. వైద్యశాస్త్రంలోనూ దీనిని రాతి ఉంగరం గుర్తు అనే పిలుస్తారు. ఆ నగీనా వంటి రక్తనాళం గుండె కుడి వైపు నుండి ఊపిరితిత్తికి రక్తాన్ని తెచ్చేది. రక్తం గుండె కుడి గది నుండి ఎడమ గదికి ఊపిరితిత్తి గుండానే వెళుతుందని 13వ శతాబ్దంలోనే రాసిన వైద్యుడు ఇబ్నె నఫీస్. డమాస్కస్‌లో చదివి, కైరోలో వైద్యం చేసిన ఆ ముస్లిం విద్వాంసుడు ఇబ్నె సీనా గ్రంథానికి 1242లో రాసిన వ్యాఖ్యానంలో ఈ విషయం ఉంది. ఆయన ఏ యంత్రంతోనూ చూడలేదు. గుండె గదుల మధ్య గోడలో రంధ్రం లేదని గ్రహించి, తర్కంతో ఆ దారిని చెప్పాడు. ఏడు శతాబ్దాలు దాటాక ఆ దారి ఒక కార్మికుడి ఛాతీలో, కంప్యూటర్ తెరపై మా కళ్లముందు నిలిచింది.

అబ్బాజాన్‌కు ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో నాళాలు వెడల్పయ్యాయి. తెమడను ఆధునిక పద్ధతిలో మళ్లీ పరీక్షించారు. క్షయ క్రిములు లేవు. పైభాగంలోని మచ్చలు పాత గాయాల గుర్తులు, ఇప్పటి జబ్బు కావు. ఇది ఒకరి నుండి ఒకరికి అంటుకునే వ్యాధి కాదు. మన దేశంలో ఈ వ్యాధి ఎందుకు వస్తుందో 31 ఆసుపత్రుల వైద్యులు 2,195 మంది రోగులను పరిశీలించి, 2019లో ప్రచురించారు. వారిలో మూడో వంతుకు మించి, 35.5 శాతం మందికి పూర్వం వచ్చిన క్షయే కారణం. మిగిలినవారిలో చాలామందికి బాల్యంలోనో, తరువాతో వచ్చిన న్యుమోనియా వంటి అంటువ్యాధులు కారణం. అంటే క్షయ నయమైనవారు కూడా ఏళ్ల తరువాత దగ్గు మళ్లీ వస్తే, “ఇది పాత జబ్బేనా, అది మిగిల్చిన గాయమా?” అని విడదీసి తెలుసుకోవాలి. రెండింటికీ చికిత్స వేరు.

ఇక్కడే మాకు ఆ పటం విలువ తెలిసింది. ఫొటో ఎవరినీ నయం చేయదు. అయితే ఎక్కడ సేవ చేయాలో చూపిస్తుంది. ఫిజియోథెరపీ నిపుణురాలు స్కాన్ చూసి, అబ్బాజాన్‌ను కుడి పక్కకు పడుకోబెట్టి, నడుము కింద దిండ్లు పెట్టి ఎత్తు చేశారు. పాడైన ఎడమ కింది భాగం పైకి వచ్చింది. అందులో నిలిచిన తెమడ పల్లానికి పారి పెద్ద నాళంలోకి చేరింది. ఒకప్పుడు నూనెను లోపలికి పంపడానికి బడే అబ్బాను ఎలా వంచారో, ఇప్పుడు తెమడను బయటికి రప్పించడానికి తమ్ముడిని అలా పడుకోబెట్టారు. నీరు పల్లమెరుగును అన్న మన సామెతే రెండింటికీ మూలం. తరువాత లోతుగా ఊపిరి తీసుకుని, అద్దంపై ఆవిరి పట్టించేటప్పుడు చేసినట్టు నోరు తెరిచి “హా” అని బలంగా వదలమన్నారు. గొంతు చించుకునే దగ్గు కంటే ఈ పద్ధతిలో తెమడ తేలికగా వస్తుంది.

ఇప్పుడు ప్రతి ఉదయం ఫజర్ నమాజు తరువాత, ఏమీ తినకముందే, హాలులోని తఖ్తు మీద ఈ పని జరుగుతుంది. ఒక రోజు అన్నయ్య, ఒక రోజు మా మరదలు, సెలవు రోజుల్లో మనవరాలు అరచేయిని దోసిలిలా ముడిచి దాదా వీపు తడుతుంది. పావుగంట పని. ఇంతకు ముందు రోజంతా విడతలు విడతలుగా వచ్చిన తెమడ ఆ పావుగంటలో వస్తుంది. జ్వరాలు తగ్గాయి. వ్యాధి పోలేదు, పోదని వైద్యులు స్పష్టంగా చెప్పారు. వెడల్పైన నాళం తిరిగి సన్నబడదు. అయితే ఆ వలయం తిరిగే వేగం తగ్గింది. అల్‌హందులిల్లాహ్, అది చిన్న మేలు కాదు.

మరో మాట కూడా చెప్పాలి. పటం చెప్పనివి ఉన్నాయి. అబ్బాజాన్ ఏ కర్మాగారంలో, ఏ విభాగంలో, ఎంత దుమ్ములో, ఎన్నేళ్లు పనిచేశారో ఏ స్కాన్‌లోనూ రాసి ఉండదు. వైద్యులు అడిగారు గనుక చెప్పాము. మన ప్రాంతంలో అది అడగకపోయినా చెప్పవలసిన విషయం. రాళ్లు కొట్టేవారికి, పౌడర్లు కలిపేవారికి, వెల్డింగ్ చేసేవారికి, రసాయనాల ఆవిర్లలో నిలబడేవారికి వచ్చే ఊపిరి జబ్బులు వేర్వేరు. కార్మికుడి పని చరిత్ర తెలియకపోతే స్కాన్‌లో కనిపించిన మచ్చకు అర్థం సగమే తెలుస్తుంది. ఇంట్లో పనికి వెళ్లే ప్రతి ఒక్కరి పేరు కింద పనిచేసిన చోటు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచి అలవాటు.

మా అనుభవంలో ఉపయోగపడిన సంగతులు కొన్ని ఇక్కడ చెబుతాము. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. పరీక్షలో రుజువు కోసం ప్రయత్నించకుండా ఎక్స్‌రే మచ్చలను మాత్రమే చూసి క్షయ మాత్రలు మొదలుపెట్టమంటే మరో నిపుణుడిని కలవడం మంచిది. రుజువైతే మాత్రం ఒక్క రోజు కూడా మానకుండా పూర్తికాలం వాడాలి. క్షయ ఉన్నవారిని దూరం నెట్టడం ధర్మం కాదు. సరైన మందులు పడిన కొద్ది వారాల్లో వారి నుండి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. స్కాన్ వైద్యులు చెప్పినప్పుడే తీయించాలి, మన ఇష్టంతో కాదు. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే మామూలు సీటీలో పడే కిరణాల మోతాదు పదుల రెట్లు ఎక్కువ. గర్భిణులు ముందే చెప్పాలి. గడ్డలు, రక్తం గడ్డకట్టడం వంటి అనుమానాలున్నప్పుడు అయోడిన్ రంగు మందును నరంలోకి ఎక్కిస్తారు. అప్పుడు మూత్రపిండాల జబ్బు, షుగర్ మాత్రలు, పూర్వం రంగు మందు పడకపోవడం వంటివి దాచకుండా చెప్పాలి. తల వాల్చి పడుకోబెట్టే పద్ధతి అందరికీ సరిపడదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు, తెమడలో రక్తం ఉన్నవారు నిపుణులను అడగకుండా చేయరాదు. ఊపిరి నాళాలు బలహీనంగా ఉన్నవారికి ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా వైద్యులను అడగవచ్చు.

చెల్లెలి సంబంధం వారికి మేము కబురు పంపలేదు. అబ్బాజానే స్వయంగా ఫోను చేసి, “మీరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఉంది భాయీసాబ్” అని, రిపోర్టులో ఉన్నదంతా ఉన్నట్టు చదివి వినిపించారు. నయం కాని జబ్బని కూడా చెప్పారు, అంటుకోదని కూడా చెప్పారు. అవతలి పెద్దమనిషి కాసేపు మౌనంగా ఉండి, తన భార్యకూ ఏళ్ల తరబడి ఇలాంటి దగ్గే ఉందని, ఏ వైద్యులను కలవాలో చెప్పమని అడిగారు. నిఖాహ్ గత షవ్వాల్ నెలలో జరిగింది. వలీమా దస్తర్‌ఖాన్ దగ్గర ఆ ఇద్దరు పెద్దలూ ఒకే పళ్లెంలో తిన్నారు.

అన్నదమ్ములిద్దరి ఫిల్ములనూ ఇప్పుడు ఒకే కవరులో ఉంచి, పైన వారి పేర్లు, సంవత్సరాలు రాశాము. ఒకటి నూనెతో గీసిన తెల్లని చెట్టు. మరొకటి గాలితో గీసిన ఉంగరం. మొదటిది తీయించుకోవడానికి ఒక మనిషి మునిగిపోతున్నంత బాధ ఓర్చుకున్నాడు. అటువంటి వారి ఓర్పు మీద, వారి ఫిల్ములను చదివిన వైద్యుల శ్రమ మీద నిలబడి, రెండవ మనిషి కొన్ని నిమిషాల్లో లేచి వచ్చాడు. బడే అబ్బాకు అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఊపిరి కోసం పోరాడుతున్న కార్మికులకు, పొయ్యి పొగలో కన్నీళ్లు తుడుచుకునే తల్లులకు, వారి సేవలో ఉన్న సంతానానికి స్వస్థతను, సహనాన్ని అనుగ్రహించుగాక. ఆమీన్.